మా రోజుల్లో లారీ మీద ఓనరు పేరుండేది

మా రోజుల్లో లారీ ఎదురొస్తే అది ఎవరిదో చదువుకోవచ్చు. నెత్తిన ఓనరు ఇంటిపేరు, దాని కింద ఇలవేల్పు పేరు, తలుపు మీద ఊరు. బెజవాడ లారీ అంటే బెజవాడ మనిషిదే. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్ళి అడిగినా ఓనరు ఇల్లెక్కడో చెప్పేవాళ్ళు. దెబ్బ తగిలినవాడి తాలూకు మనుషులు సాయంత్రానికల్లా ఆ ఇంటి అరుగు మీద కూచునేవాళ్ళు. ఆయన మంచివాడైతే ఆస్పత్రి ఖర్చు పెట్టుకునేవాడు, కాకపోతే తగువు పెట్టుకునేవాడు. ఏదైనా మొహామొహీ తేల్చుకునే వ్యవహారం.

ఇప్పుడు హైవే మీద పోయే లారీలు చూడండి. నాగాలాండ్ నంబరు, ఢిల్లీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ బోర్డు, ముంబైలో ఫైనాన్సు, డ్రైవరుది బీహారు. ఆ బండి గన్నవరం దగ్గర పాలక్యాన్లతో సైకిలు మీద పోయే మనిషి కాలు మీదుగా పోతే, ఆ మనిషి ఎవరి గుమ్మం ఎక్కాలి? కాగితాల్లో ఓనరు ఒకడు, బండి తిప్పుకునేవాడు ఇంకొకడు, పాలసీలో పేరు మూడోవాడిది. వీళ్ళందరికీ నోటీసులు అందేసరికే ఏడాది గడిచిపోతుంది.

నేను బెజవాడలో ప్లీడరు గుమాస్తాగా బతికినవాణ్ణి. 1970ల మధ్యలో చేరాను. మా సీనియరు గారి దగ్గర ఎక్కువ పని మోటారు యాక్సిడెంటు ఓపీలే, అంటే పరిహారం పిటిషన్లే. కోర్టు నుంచి తప్పుకుని చాలా కాలమైనా, ఇప్పటికీ పొద్దున్నే ఎవరో ఒకరు కర్ర పోటేసుకుంటూ మా ఇంటికి వస్తారు, చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఒకటే కోపం. చట్టం మునుపటికంటే ఎంతో మేలైంది, డబ్బు పెరిగింది, తీర్పులు బాగా వస్తున్నాయి. దెబ్బ తిని బతికి బయటపడ్డవాడు మాత్రం కోర్టుకి కనపడకుండా పోయాడు.

అప్పుడంతా బంగారమని నేననను. 1939 నాటి మోటారు వాహనాల చట్టం మహా పిసినారి చట్టం. సరుకు లారీ గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత మొదట్లో 20,000 రూపాయలు. 1969 సవరణతో 50,000 అయింది. 1982లో లక్షా యాభై వేలు. అంతకు మించి వస్తే ఓనరు ఇచ్చుకోవాలి, ఓనరు దగ్గర లేకపోతే లేనట్టే. పైగా ‘ఏదైనా ఒక ప్రమాదానికి’ అని చట్టంలో ఉన్న మాట పట్టుకుని, పదిమంది పడ్డా ఆ పదిమందికీ కలిపి అంతేనని కంపెనీలు వాదించేవి. 1981లో జాదవ్‌జీ కేశవ్‌జీ మోదీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. ప్రమాదాన్ని దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చూడాలి, ఎంతమంది గాయపడితే అన్ని ప్రమాదాలుగా లెక్క, ఒక్కొక్కరికీ విడివిడిగా ఆ పరిమితి అని. ఆ తీర్పు నకలు వచ్చిన రోజు మా సీనియరు గారు కోటు తీయకుండానే నిలబడి మొత్తం చదివారు. పెండింగులో ఉన్న కట్టలన్నీ దింపించి, ఏ కేసులో ఇద్దరు ముగ్గురు గాయపడ్డారో వెతికించారు.

1988 చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకొచ్చాక మూడో మనిషికి తగిలే దెబ్బకీ, చావుకీ ఆ పరిమితే పోయింది. 1994 సవరణతో ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండే ఊళ్ళోనే కేసు వేసుకునే వీలొచ్చింది. అంతకు ముందు ఒంగోలు దగ్గర లారీ గుద్దితే నూజివీడు మనిషి ప్రతి వాయిదాకీ ఒంగోలు బస్సెక్కాల్సిందే. ఇవన్నీ మంచివే.

అయితే ఒక్క తేడా గమనించండి. చనిపోయినవాడి కేసుకి ఇప్పుడు దారి ఏర్పడింది. 2009లో సరళా వర్మ తీర్పు వయసు వారీగా పట్టిక ఇచ్చింది. పాతికేళ్ళ లోపువాడికి 18, ముప్ఫై దాటి ముప్ఫై అయిదు లోపువాడికి 16, ఇలా ఏడాది రాబడిని ఎంతతో హెచ్చవేయాలో చెప్పింది. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు జడ్జీలు మిగతావీ ఖరారు చేశారు. సొంతంగా సంపాదించుకునేవాడు నలభై లోపైతే ముందుముందు పెరగబోయే రాబడి కింద 40 శాతం కలపాలి, కర్మకాండకు 15,000, భార్యకు తోడు పోయినందుకు 40,000, మూడేళ్ళకోసారి ఆ మొత్తాలు పది శాతం పెంచాలి. వయసూ, రాబడీ తెలిస్తే నాలాంటి గుమాస్తా కూడా కాగితం మీద లెక్క కట్టేస్తాడు.

కాలు విరిగి బతికినవాడికి ఆ సుఖం లేదు. తన ఒంట్లో ఎంత పోయిందో వాడే రుజువు చేసుకోవాలి.

మా రోజుల్లో ఒక కేసు చెబుతాను. మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ. లారీ వెనక్కి వస్తూ గోడకి అదిమేసింది. తొడ ఎముక విరిగి, అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. డాక్టరు గారు శాశ్వత వైకల్యం 35 శాతం అని రాశారు. కంపెనీ వకీలు బోనులో అడిగాడు: “ఇవాళ కోర్టుకి ఎలా వచ్చావు?” “నడిచి వచ్చానండి.” “ఎవరైనా పట్టుకున్నారా?” “లేదండి.” “అయితే నడవగలవు.” “నడవగలనండి, ఉత్త చేతులతో. బస్తాతో నడవలేను.” జడ్జీ గారు రాసుకుంటున్నవారు ఆపి తలెత్తారు. బోను దిగి హాలు చివరిదాకా వెళ్ళి రమ్మన్నారు. వెళ్ళాడు. వచ్చేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన ఆ విషయం తన చేత్తో డిపోజిషన్‌లో రాసుకున్నారు, సాక్షి నడక కోర్టు గమనించింది అని. అవార్డులో సంపాదన నష్టం 35 శాతం కట్టలేదు, చాలా ఎక్కువ కట్టారు.

ఆ జడ్జీ గారు చేసిన పనే 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో సూత్రంగా చెప్పింది. డాక్టరు చెప్పే శాతం వేరు, బతుకుతెరువులో పోయే శాతం వేరు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకీ వడ్రంగికీ పని మొత్తం పోయినట్టే కావచ్చు, అదే చెయ్యి పోయిన గుమాస్తాకి ఉద్యోగం నిలవొచ్చు. ముందు ఆ మనిషి ఏ పని చేసేవాడో, ఇప్పుడు ఏం చేయగలడో ట్రిబ్యునల్ తెలుసుకోవాలి అంది. ఎంత చక్కటి మాట! కానీ తెలుసుకోవాలంటే మనిషిని చూడాలి కదా.

ఇప్పుడు చీఫ్, అంటే సాక్షి మొదట చెప్పే వాంగ్మూలం, ఉత్త అఫిడవిట్టు. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు పేజీలు. పేర్లూ తేదీలూ మార్చితే ఏ కేసుకైనా సరిపోతుంది. వేలిముద్ర వేసేవాడికి అందులో ఏముందో తెలియదు. క్రాసు చాలాచోట్ల అడ్వకేటు కమిషనర్ గారి ముందు జరిగిపోతుంది. తీర్పు రాసే జడ్జీ గారు ఆ మనిషి కుంటడం ఎప్పుడూ చూడరు. చూసేది కాగితం మీద 35 అనే అంకె. అంకె చూసి రాస్తే అంకే వస్తుంది. కేసుల బరువు ఎక్కువైందంటారు, నిజమే. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు, 1,68,491 చావులు అని రవాణా మంత్రిత్వ శాఖే లెక్క చెప్పింది. అన్ని కేసుల్లో ప్రతి మనిషినీ నడిపించి చూడమని నేననను. వైకల్యం మీద తగువున్న కేసులో అయినా ఒక్క పూట ఆ మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని తెలుగులో నాలుగు మాటలు అడగొచ్చు.

డాక్టర్ల సంగతి ఇంకో బాధ. అప్పట్లో యాక్సిడెంటంటే పెద్దాసుపత్రే. సమను పంపి, బత్తా కడితే డాక్టరు గారో, ఆయన బదిలీ అయితే ఆ స్థానంలో ఉన్నాయనో రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు 108లో ఎక్కించింది ఒక ఆసుపత్రికి, ఆపరేషను ఇంకో ఆసుపత్రిలో, రాడ్డు తీసింది మూడో చోట. ఆపరేషను చేసిన డాక్టరు ఈలోగా హైదరాబాదు వెళ్ళిపోయి ఉంటాడు. సర్టిఫికెట్టు ఇచ్చినాయన వైద్యం చేసినాయన కాదు గనక నమ్మొద్దని కంపెనీ వాదన. పింఛను కోసం సదరం క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్టు చూపిస్తే, అది పింఛనుకే పనికొస్తుంది, సంపాదన నష్టానికి కాదు అని ఇంకో వాదన. ప్రభుత్వ బోర్డు ఒకసారి చూసి రాసిన వైకల్యాన్ని పింఛనుకి నమ్మినప్పుడు, కనీసం సాక్ష్యంగా తీసుకుని డాక్టరుని వీడియోలో పిలిచి రెండు ప్రశ్నలు అడగడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

మందుల బిల్లులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెనక మందుల షాపువాడు కార్బను పెట్టి బాల్‌పెన్నుతో రాసిచ్చేవాడు. ఇరవై ఏళ్ళకి కూడా చదవొచ్చు. ఇప్పుడు మిషన్లోంచి వచ్చే నున్నటి చీటీలు. మొన్నామధ్య ఒక తల్లి కవరు నిండా తెచ్చింది. కొడుకుని లారీ గుద్దిన నాటి నుంచి ఒక్క చీటీ పారేయలేదట. తెరిచి చూస్తే సగానికి పైగా తెల్లకాగితాలే. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే ఎక్కడో షాపు పేరు లీలగా కనపడుతోంది, అంకెలు లేవు. సాక్ష్యానికి వచ్చేసరికి ఆ బిల్లులకి నంబరెట్లా వేయిస్తారు? ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఆ వారంలోనే ప్రతి చీటీకీ జెరాక్సు తీయించి, షాపువాడి చేత ముద్ర వేయించి పెట్టుకోండి.

రాబడి కూడా అంతే. కూలీవాడికి జీతం స్లిప్పు ఎక్కడుంటుంది? బెంగళూరు కూలీ ఒకతను 2004లో దెబ్బ తిని, నెలకు 4,500 సంపాదిస్తానన్నాడు. రుజువు లేదని ట్రిబ్యునల్ 3,000కి దింపింది. 2011లో సుప్రీంకోర్టు, కూలీ దగ్గర కాగితం ఆశించకూడదు, చెప్పింది సబబుగా ఉంటే ఒప్పుకోవాలి అని 4,500 నిలబెట్టింది. ఆ పదిహేను వందల కోసం ఒక కూలీవాడు బెంగళూరు నుంచి ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది.

ఇక లారీలకే పట్టిన చిక్కులున్నాయి. మా వైపు పెళ్ళంటే లారీయే. కట్నకానుకలు, పందిరి గుంజలు, వంటపాత్రలు, వాటి మీద బంధువులు. మిరపకోతలకి కూలీలని లారీల్లోనే తోలేవాళ్ళు. బోల్తా పడితే ఇరవై ముప్ఫై మంది ఆసుపత్రిలో. సరుకు బండిలో మనుషులని ఎక్కిస్తే కంపెనీకి బాధ్యత ఉందా లేదా అన్నది ఏళ్ళ తరబడి నలిగింది. 1999 చివర్లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉందన్నది. మా దగ్గర ఆ తీర్పు మీద కొన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో అదే కోర్టు దాన్ని కొట్టేసింది. సరుకు యజమాని, లేదా ఆయన తరఫున సరుకు వెంట వెళ్ళే మనిషి, వాళ్ళకే పాలసీ వర్తిస్తుంది, ఊరికే ఎక్కినవాళ్ళకి కాదు. ఇప్పటికీ అదే చట్టం. ఓనరు మీద అవార్డు వస్తుంది, ఓనరు దగ్గర వసూలు కాదు.

చట్టం చదివినవాళ్ళు ఇది న్యాయమే అంటారు. ప్రయాణికుల ప్రీమియం కట్టలేదు గనక. సరే. కూలికి పోయే ఆడమనిషి మేస్త్రీ ఎక్కమన్న బండి ఎక్కుతుంది, అది సరుకు బండా మనుషుల బండా అని పాలసీ అడిగి ఎక్కదు కదా. తన బస్తాతో మార్కెట్టుకి పోయే రైతుకి రక్షణ ఉంది, ఆ బస్తా నింపిన కూలీకి లేదు. కూరగాయల మూట ఉంటే సరుకు యజమాని అవుతాడు గనక, లేని మూటలు పుట్టించే కేసులూ చూశాం. అట్లాంటి అబద్ధం ఒకటి బయటపడితే ఆ వెనక వచ్చే పది నిజమైన కేసులు అనుమానంలో పడతాయి. ఉత్తరప్రదేశ్‌లో దొంగ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. గుద్దిన బండి ఒకటైతే పాలసీ ఉన్న ఇంకో బండిని తెచ్చి పెట్టేవాళ్ళ వల్ల, మంచం మీద ఉన్న అసలు మనిషిని దొంగని చూసినట్టు చూస్తున్నారు.

లైసెన్సు తగాదా ఇంకొకటి. తేలిక బండి లైసెన్సుతో చిన్న సరుకు బండి నడపొచ్చా? 7,500 కిలోల లోపు అయితే విడిగా ముద్ర అక్కర్లేదని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పారు. దాని మీద మళ్ళీ అనుమానాలు, మళ్ళీ పెద్ద బెంచీ. 2024 నవంబరులో అయిదుగురు జడ్జీలు అదే సరైనదని తేల్చారు. ఆ ఏడేళ్ళూ కంపెనీలు ఈ వంకతో ఎన్ని కేసులు అప్పీలుకి తీసుకుపోయాయో! లైసెన్సు లేకపోయినా, పర్మిట్టు లేకపోయినా, ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమనే పద్ధతి ఉంది. చాలా కేసుల్లో అదే గాయపడ్డవాణ్ణి కాపాడుతోంది. ఇంకొకటి, లారీ అమ్మేసి ఆర్‌సీ మార్పించకపోతే పాత ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చేతులు మారిన బండి వెంట పరుగెత్తే బాధ గాయపడ్డవాడికి దాంతో కొంత తగ్గింది.

రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు వారన ఆపిన లారీల గురించి నాకు ప్రత్యేకంగా మంట. పంక్చరైతే వెనక పెద్ద రాళ్ళు పేర్చి, చెట్టుకొమ్మ విరిచి పెట్టేవాళ్ళు మా రోజుల్లో, క్లీనరు లాంతరు పట్టుకుని కూచునేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరే లేడు. డ్రైవరు ఒక్కడు, నిద్ర ముంచుకొస్తే ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తాడు. వెనక నుంచి వచ్చి గుద్దుకున్నవాడిదే తప్పని ఎఫ్‌ఐఆర్ రాసేస్తారు, సగం పరిహారం కోసేస్తారు. హైవే మధ్య హెచ్చరిక గుర్తు లేకుండా వదిలేసిన పెద్ద లారీని కారు గుద్దిన కేసులో 2024లో సుప్రీంకోర్టు, తప్పంతా లారీవాడిదేనని కోత తీసేసింది. ఇలాంటి కేసులో ఆ రాత్రి ఫొటో ఒక్కటి ఉంటే చాలు. పంచనామా తెల్లారాక రాస్తారు, అప్పటికి లారీ అక్కడ ఉండదు.

కాగితం మీద కొత్త ఏర్పాట్లు చూస్తే నాకు ఆశ పుడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి, 90 రోజుల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్ నకలు కోసం నేను ఎన్ని స్టేషన్ల బల్లల మీద కూచున్నానో తలచుకుంటే, ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. బండి ఏదో తెలియకుండా పారిపోతే చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది. 2025లో వచ్చిన నగదు లేని వైద్యం పథకంలో మొదటి ఏడు రోజులకి లక్షన్నర దాకా ఆసుపత్రిలో కట్టక్కర్లేదు. ఇవి ఉన్నాయని గాయపడ్డవాడికి ఎవరు చెబుతున్నారు? ఆసుపత్రి గేటు దగ్గర కాపు కాసే దళారీ చెప్పడు. చెబితే వాడి పర్సెంటేజీ పోతుంది.

ఈ కొత్త నిబంధనలకి మూలమైన చట్ట సవరణే ఇంకో పని చేసింది, అది క్షమించలేనిది. కేసు వేయడానికి ఆరు నెలల గడువు మళ్ళీ తెచ్చింది. 1994లో తీసేసిన గడువది. మూడు ఆపరేషన్లు అయి, మంచం దిగని మనిషి ఆరు నెలల్లో వకీలుని ఎక్కడ వెతుక్కుంటాడు? వైకల్యం ఎంతో డాక్టరుకే తెలియదు అప్పటికి. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. అది తేలేదాకా ఎదురుచూడకండి, ముందు పిటిషను పడేయండి, సర్టిఫికెట్టు తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

పిటిషను వేశాక కూడా ఒకసారి అందులో ఏం రాశారో చదివించుకోండి. పాత నమూనాలు పెట్టుకుని టైపు చేస్తారు. వైద్యం, రవాణా, పౌష్టికాహారం, నొప్పీ బాధా అని నాలుగు పద్దులు, అక్కడితో సరి. మంచాన పడ్డవాడికి సేవ చేస్తున్న భార్య సంగతి ఆ నమూనాలో ఉండదు. ఆమె కూలి మానేసింది, లేదా మిషను కుట్టడం మానేసింది, ఇరవై నాలుగు గంటలూ ఎత్తడం, దించడం, కడగడం. 2020లో సుప్రీంకోర్టు, ట్రాక్టరులో వెళ్తుండగా లారీ గుద్ది మతి కోల్పోయిన ఒక బాలిక కేసులో, సాయానికి ఉండే మనుషుల ఖర్చుని కూడా ఏదో గుడ్డిగా లక్షో రెండు లక్షలో వేయకుండా, రాబడి నష్టం లాగే వయసు పట్టికతో హెచ్చవేసి ఇవ్వాలంది. ఇంట్లోవాళ్ళు చేసినా సరే, ఆ చాకిరీకి విలువ ఉంది. ‘అటెండెంట్ చార్జీలు’ అనే ఆ పద్దు మీ పిటిషనులో ఉందో లేదో చూడండి. లేకపోతే సవరణ పిటిషను వేయించండి, ఆమె చేత కూడా సాక్ష్యం చెప్పించండి, ఆర్గ్యుమెంట్లు మొదలవక ముందే.